లేమిదినములలో బడిపంతులు

గ్రామచరిత్ర వ్రాయబూనినవారు దేవాలయమును గూర్చి వ్రాయుదురు. చెఱువును గూర్చి, కోటబురుజును గూర్చి, కరణముగారి ఇంట నిలిచిన పాత కవిలెకట్టలను గూర్చి వ్రాయుదురు. బడిపంతులను గూర్చి వ్రాయువారు అరుదు. ఆయన పేరు శిలాశాసనమునకు ఎక్కదు. ఆయన కట్టించిన మంటపము ఉండదు. ఆయన వదలిపోవునది ఇతరుల చేతివ్రాతయందును, ఇతరుల లెక్కలయందును కలిసిపోయి కనబడకుండును. అందుచేత పంతులు బ్రతుకు ఆయనతోనే ముగిసిపోయినట్లు తోచును.

అయినను విద్యాచరిత్రను చదువువారిని ఒక ప్రశ్న విడువదు. పంటలు పోయి, ధరలు తలక్రిందులై, జీతములు నిలిచిపోయిన కాలమున బడిపంతులు తన్ను తాను ఏమని తలంచుకొనెను? కూలివాడననియా, కొలువుకాడననియా, గురువుననియా? లేమి ఒక్కటియే యైనను దానిని ఎదుర్కొనిన ఉపాధ్యాయులు ఒక్కతీరుగ నడువలేదు. ఒకడు బడి విడిచి వేఱు పనికి పోయెను. ఒకడు పేరునకు బడిలో నిలిచి మనస్సును వేఱొకచోట నుంచెను. మఱియొకడు తన చేతి సొమ్ము కూడ బడికే పెట్టెను. ఈ భేదమునకు కారణము జీతపు పట్టికలో దొరకదు. ఉపాధ్యాయుడు బడి గడప త్రొక్కుటకు ముందు నడచివచ్చిన దారిలో దానిని వెదకవలెను. తెలుగునాట కొందఱు ఉపాధ్యాయుల జీవితములు గ్రంథస్థమై యుండుట వలన ఈ వెదకులాట సాధ్యమగుచున్నది.

వీధిబడి రాబడి

ఆంగ్లప్రభుత్వపు విద్యాశాఖ ఏర్పడుటకు పూర్వము పల్లెటూళ్ళ చదువు వీధిబడులలోనే సాగుచుండెను. ఇంటి అరుగో, చెట్టునీడయో, దేవాలయపు మంటపమో బడియై యుండెను. పిల్లలు ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్ది, పిదప తాటాకుపై గంటముతో వ్రాయ నేర్చుచుండిరి. పంతులకు నెలనెల జీతమిచ్చు అధికారి ఎవడును లేడు. పిల్లల తల్లిదండ్రులు తమ తాహతుకొలది ఇచ్చు స్వల్ప రొక్కము, కళ్ళము నాడు కొలిచిపెట్టు గింజలు, పండుగనాటి కానుకలు – ఇవియే ఆయన రాబడి. దసరా దినములలో పిల్లలు విల్లంబులు చేతబట్టి, పద్యములు చదువుచు ఇల్లిల్లు తిరుగగా గృహస్థులు పంతులుగారికి రొక్కమిచ్చి, పిల్లలకు తినుబండారములు పెట్టెడివారు.

ఈ ఏర్పాటులో ఆత్మీయత యుండెను, అభద్రతయు ఉండెను. ఊరు పండినచో పంతులుగారి ఇల్లు నిండును. వాన ముఖము చాటువేసినచో రైతు ముందుగా ఆపునది పంతులు గింజలనే. బడికి వచ్చు పిల్లవాడును పలక మూలబెట్టి పశువుల వెంట పోవును. కఱవు రైతును ఒకమాఱు కొట్టిన, పంతులను రెండుమార్లు కొట్టును. రాబడియు పోవును, శిష్యుడును పోవును.

ఇది ఊహ కాదు. మద్రాసు గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో 1822లో జిల్లాల కలెక్టరులను బడుల లెక్కలు పంపుడని ఆజ్ఞాపించెను. నేటి అనంతపురము ప్రాంతమును గూడ తనలో చేర్చుకొనియున్న నాటి బళ్ళారి జిల్లానుండి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టులో తన నివేదికను పంపెను. తొమ్మిది లక్షలకు పైబడిన జనసంఖ్యలో 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లు ఆయన లెక్క తేల్చెను. అనగా వేయిమందికి ఏడుగురు. పూర్వము బడులున్న అనేక గ్రామములలో బడులు లేకుండ పోయినవనియు, పెద్దబడులున్నచోట కొద్దిమంది పిల్లలు మాత్రమే మిగిలిరనియు, తక్కినవారు పేదఱికముచే రాలేకపోవుచున్నారనియు ఆయన వ్రాసెను. దేశము క్రమక్రమముగా పేదదగుటయే దీనికి మూలమని ఆయన అభిప్రాయము. సీమనూలుగుడ్డలు వచ్చిపడుటచే ఇచ్చటి చేతిపనివారి బ్రతుకుతెరువు దెబ్బతినుటను గూడ ఆయన ఎత్తిచూపెను. మగ్గము ఆగినచోట బడియు ఆగినదని ఆ నివేదిక సారాంశము.

ఈ లెక్కలన్నియు చేరిన పిమ్మట మన్రో 1826 మార్చిలో తన అభిప్రాయపత్రమును వ్రాసెను. రాజధాని మొత్తమున 12,498 బడులున్నవి. వానిలోని ఉపాధ్యాయులు సాధారణముగా నెలకు ఆఱేడు రూపాయలకు మించి గడింపజాలకున్నారనియు, అంత స్వల్పాదాయమునకు యోగ్యులైనవారు ఈ వృత్తికి రారనియు ఆయన స్పష్టముగా చెప్పెను. తాలూకా బడులలో తొమ్మిది రూపాయలును, జిల్లా బడులలో పదునైదు రూపాయలును జీతముగ నియ్యవలెనని ఆయన ప్రతిపాదన. మఱుసటియేట 1827లో పత్తికొండవద్ద ఆయన మరణించెను. ఆయన తలపెట్టిన బడులును 1836 నాటికి ఎత్తివేయబడెను. పంతులు జీతము మాత్రము తరతరముల ప్రశ్నగ నిలిచిపోయెను.

వద్దనుకొన్న కొలువు

జీతము స్వల్పమైనపుడు యోగ్యులు రారని మన్రో చెప్పినది సామాన్యసూత్రము. ఆ సూత్రమునకు లోబడక వచ్చినవారు కొందఱు కలరు. వారిలో మొదట చెప్పదగినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఆయన 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. పెదతండ్రి అండన పెరిగి చదువుకొనిరి. ఆ అండయు తొలగిన పిమ్మట కుటుంబభారము చిన్నవయస్సుననే ఆయనపై పడెను.

ఆనాడు కొంచెము ఆంగ్లము వచ్చిన యువకునకు కచేరీ కొలువు దగ్గఱి దారి. జీతము కంటె పైరాబడి ఎక్కువ. కాని లంచమునకు లోబడక అచ్చట నిలుచుట కష్టమని తలంచి ఆయన ఆ దారి విడిచిరి. న్యాయవాదవృత్తిలో అసత్యము తప్పదని తోచి దానినిగూడ వదలిరి. అటుపిమ్మట బడి మిగిలెను. కోరంగిలోను, పిదప ధవళేశ్వరములోను ప్రధానోపాధ్యాయులుగ పనిచేసిరి. 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను నెలకొల్పిరి. ఆ సంవత్సరముననే 'వివేకవర్ధని' పత్రికను ప్రారంభించి, ఉద్యోగుల లంచగొండితనమును అందు ఎండగట్టిరి.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. వేఱు గతిలేక బడికి వచ్చినవానికి బడి ఒక మజిలీ. మంచి బండి దొరకిన దిగిపోవుటయే. తెఱచియున్న రెండు తలుపులను తానే మూసికొని వచ్చినవానికి బడి ఒక వ్రతము. అందుచే 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహము జరిపించి, వెలివేతకు గుఱియై, ఇంట వంటవారును, నీళ్ళుమోయువారును లేకపోయినను ఆ దంపతులు వెనుదీయలేదు. రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరి నీరు మోసికొనివచ్చిరి.

అయితే ఈ కథను ఒక్కని ధైర్యముగ మాత్రమే చెప్పుట న్యాయము కాదు. పంతులుగారికి అప్పటికి రాజమహేంద్రవరపు కళాశాలలో తెలుగు పండితపదవి యుండెను. వివాహముల వ్యయమునకు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చి ఆదుకొనిరి. శిష్యులు అండగా నిలిచిరి. గురువు నిలిచిన ప్రతిచోటను ఆయనను నిలిపినవారు కొందఱుందురు. చరిత్ర వారి పేర్లనుగూడ మఱువరాదు.

సవరల బడి

గిడుగు వేంకట రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళమునకు ఉత్తరమున వంశధారాతీరమందలి పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి చిన్న రెవెన్యూ ఉద్యోగి. ఆయన బదిలీపై చోడవరమునకు పోయి, అచ్చటనే విషజ్వరమున మరణించెను. రామమూర్తిగారు అప్పటికి బాలుడు. దక్షిణదేశమున 1876 మొదలు 1878 వఱకు గొప్ప కఱవు వ్యాపించిన కాలమది. ఆయన బంధువుల యింట నుండి, విజయనగరమున మహారాజావారి ఆంగ్లపాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులైరి. పైచదువునకు తీరిక యెక్కడిది? మఱుసటియేట పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగ చేరిరి. పట్టపరీక్షకు బడి పాఠములు చెప్పుచునే ప్రైవేటుగ చదువుకొనిరి. ముఖలింగక్షేత్రమందలి శాసనముల లిపిని స్వయముగ కూడబలుకుకొని చదువ నేర్చిరి.

గురువు దగ్గఱ కూర్చుండి నేర్చుటకు నోచుకొనక, తానుగ నేర్చినవానికి చదువురాని వాని కష్టము లోపలినుండి తెలియును. పర్లాకిమిడి పరిసరపు కొండలలో సవరలు నివసించుచుండిరి. వారి భాషకు అప్పటికి పుస్తకము లేదు; వారి బిడ్డలకు తమ మాటలో పాఠము లేదు. రామమూర్తిగారు సవరభాష నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, తమ సొంత సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి నడిపిరి. ప్రభుత్వమువారు ఈ కృషికి మెచ్చి పారితోషికము నియ్యబోగా, దానిని తీసికొనక, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి. మన్యపు చలిజ్వరమునకు వాడిన క్వయినా మందు వలన ఆయన వినికిడి చెడెను. భాషలను చెవితో పట్టి బ్రతికిన పండితునకు ఇంతకంటె గొప్ప నష్టము లేదు. అయినను పని ఆగలేదు; ఆయన సవరభాషా వ్యాకరణమును మద్రాసు ప్రభుత్వము 1931లో ప్రకటించెను. అప్పటికి ఆయన ఉద్యోగవిరమణ చేసి ఇరువదియేండ్లు. జీతము నిలిచిపోయినను ఉపాధ్యాయత్వము నిలిచిపోలేదనుటకు ఇది నిదర్శనము.

మూడు రూపాయల జీతము

లేమి, వృత్తి, ఆత్మగౌరవము – ఈ మూడును ఒక్క జీవితమున పెనవేసికొనిన చరిత్ర గుఱ్ఱము జాషువాగారిది. ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించిరి. తండ్రి యాదవకులము, తల్లి మాదిగకులము. కుటుంబము క్రైస్తవమతము నవలంబించినది. బాల్యముననే బడిలోను, వీధిలోను అంటరానితనపు బాధను ఆయన అనుభవించిరి. పెరిగి పెద్దయై మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడుగ చేరినప్పుడు ఆయన జీతము నెలకు మూడు రూపాయలు. 1910 ప్రాంతపు మాట ఇది. ఎనుబదియేండ్లకు పూర్వము మన్రో ఏ ఆఱేడు రూపాయలను చూచి ఇది చాలదని వ్రాసెనో, జాషువాగారికి ముట్టినది దానిలో సగమే.

ఆ మూడు రూపాయల కొలువును పోయెను. ఆయన రాజమహేంద్రవరము చేరి 1915, 1916 సంవత్సరములలో చలనచిత్రశాలలో వాచకుడుగ పనిచేసిరి. అప్పటి చిత్రములకు మాట లేదు. తెఱపై బొమ్మలు కదలుచుండగా ప్రక్కన నిలిచి కథను, సంభాషణలను గట్టిగ చదివి వినిపించుటయే వాచకుని పని. బడిలో పిల్లలకు పద్యము చదివి అర్థము చెప్పిన కంఠమే అచ్చట పొట్టకూటికి ఉపయోగపడెను. ఉపాధ్యాయుడు తన వృత్తిని పోగొట్టుకొనినపుడు ఆ వృత్తి నేర్పిన విద్య ఆయనను విడిచిపోదు.

తరువాత గుంటూరులో లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణపాఠశాలలో పదియేండ్లు పనిచేసిరి. 1928 నుండి 1942 వఱకు గుంటూరుననే ప్రభుత్వ పాఠశాలయందు తెలుగు పండితులుగ నుండిరి. ఒకనాడు అక్షరమునకు దూరముగ నుంచబడిన కులమునుండి వచ్చినవాడు, ఆ అక్షరమును ఇతరులకు బోధించుట ఎట్లో ఉపాధ్యాయులకే నేర్పెను. ఆయనకు బడి ఉదరపోషణకు దారి మాత్రమే కాదు, తన మనుష్యత్వమును లోకముచేత ఒప్పించిన వేదిక. అందుచే మూడు రూపాయలు ఇచ్చినను, ఆ మూడును పోయినను ఆయన తిరిగి బడికే వచ్చిరి.

ధరలు పడిన ఏండ్లు

జాషువాగారు గుంటూరున ప్రభుత్వ పండితపదవిలో నున్న కాలముననే ప్రపంచమున గొప్ప ఆర్థికమాంద్యము వచ్చెను. 1929లో అమెరికాలో ప్రారంభమైన ఆ పతనము కృష్ణా గోదావరీ మండలముల వరికళ్ళములను గూడ తాకెను. కొద్దియేండ్లలో ధాన్యపు ధర సగము ప్రాంతమునకు దిగజారెను. శిస్తు మాత్రము తగ్గలేదు. అప్పునకు వడ్డీయు తగ్గలేదు. రైతు రెండు బస్తాలమ్మి తీర్చిన బాకీకి నాలుగు బస్తాలు అమ్మవలసివచ్చెను. ప్రభుత్వమునకును రాబడి తగ్గగా 1931 చివర ప్రభుత్వోద్యోగుల జీతములలో నూటికి పది చొప్పున తాత్కాలికముగ కోత విధించిరి.

ఇట్టి కాలమున ఉపాధ్యాయులందఱి స్థితియు ఒక్కటిగ నుండదు. ధరలు పడినపుడు నికరమైన నెలజీతము గలవానికి బియ్యము చౌకగ దొరకును. కొంత కోత పడినను ఇల్లు గడచును. తల్లిదండ్రులిచ్చు జీతముపైనను, విరాళములపైనను ఆధారపడిన బడిపంతులకు మాత్రము బియ్యము చౌకయైనను కొనుటకు చేతిలో కాసు ఉండదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇది తలక్రిందయ్యెను. ధరలు పెచ్చు పెరిగెను. నెలజీతమువాడు అదే జీతముతో సగము సరకులు కొనవలసివచ్చెను. కావున ఆర్థికసంకటమనగా ఒకే రోగము కాదు. ఎవని కూడు ఎటునుండి వచ్చుచున్నదో దానినిబట్టి అది వేఱువేఱు చోటుల నొప్పించును.

ఆ మాంద్యపు నడుమ, 1932లో, జాషువాగారి 'ఫిరదౌసి' కావ్యము వెలువడెను. పద్యమునకొక బంగారునాణెము నిత్తునని కవిచేత ఇతిహాసము వ్రాయించుకొని, తీరా వెండినాణెములు పంపిన సుల్తాను కథ అది. చేసిన పనికి ఒప్పుకొనిన కూలి దక్కకపోవుట ఎట్టిదో మూడు రూపాయల జీతమెఱిగినవానికి వేఱొకరు చెప్పవలసిన పనిలేదు. 1941 నాటి 'గబ్బిలము'లో ఆలయప్రవేశము లేని పేదవాడు తన మొఱను గబ్బిలముచేత శివునకు పంపుకొనును. ఈ రెండు కావ్యములును ఉపాధ్యాయుని బల్లమీదనే పుట్టినవి. ఆ ఉపాధ్యాయుని వెనుకటి బ్రతుకు వానికి ప్రాణము పోసినది.

పేదఱికము గురువును చేయునా

ఈ ముగ్గురి కథలు విని, లేమియే మంచి గురువులను తయారుచేయునని ఎవరైనను తలంచినచో అది పొరపాటు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తామే రాజమహేంద్రవరమున ఉపాధ్యాయులై, రేచీకటితో బాధపడుచు, పాఠశాలలు నడిపినవారు. వెనుకబడిన కులముల బిడ్డలకై 1909లో బడి పెట్టినవారు. అట్టి ఉపాధ్యాయుడే 'గణపతి' నవలలో చదువు అబ్బక, వేఱు పని చేతగాక బడి పెట్టుకొనిన పంతులను సృష్టించి కడుపుబ్బ నవ్వించెను. ఆ నవ్వు వెనుక ఒక నిజమున్నది. వృత్తికి విలువ లేనిచోట అర్హత లేనివాడే చేరును. మన్రో 1826లో చెప్పినదియు ఇదియే. ఒక వీరేశలింగము, ఒక రామమూర్తి, ఒక జాషువా నిలిచిరనగా, వారివలె సామర్థ్యముండియు నిలువలేక ఏ గుమాస్తా పనికో, ఏ దుకాణమునకో పోయినవారు ఎందఱో యుందురు. వారి ఆత్మకథలు ఎవరును వ్రాయలేదు. నిలువలేకపోవుట వారి దోషము కాదు.

ఈ సత్యము పాతకాలముతో పోలేదు. 2020లో కరోనా వ్యాధి వ్యాపించి బడులు మూతపడగా, ఆంధ్ర తెలంగాణములలో ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులు అనేకులు నెలల తరబడి జీతము లేక యుండిరి. కూరగాయలమ్మినవారును, ఉపాధిహామీ పనికి పలుగు పట్టినవారును కలరు. తెలంగాణ ప్రభుత్వము 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు రెండువేల రూపాయలును, ఇరువదియైదు కిలోల బియ్యమును ఇచ్చుటకు నిశ్చయించెను. నూటయైదేండ్లకు పూర్వము చలనచిత్రశాలలో కథ చదివిన జాషువాగారికిని, వీరికిని నడుమ దూరము తక్కువ. కొలువు పోయినను కొందఱు దూరవాణిలోనే పాఠము చెప్పిరి. కొందఱు మరల బడికి రాలేదు. తమ వంశమున మొదటిసారిగ చదువుకొని వచ్చిన ఉపాధ్యాయునకు ఆ పలుగు పట్టుట కూలి మాత్రమే కాదు. తల్లిదండ్రులు ఏ పొలమునుండి తప్పించిరో ఆ పొలమునకే తిరిగిపోవుట. కావున ఒకే కష్టము ఇద్దరి చేతిలో ఒకే బరువు తూగదు.

ఈ చరిత్ర గ్రామములకు నేర్పునది రెండు మాటలు. మొదటిది: గురువు త్యాగమును పొగడుట ఆయన జీతమును ఎగవేయుటకు సాకు కారాదు. గింజలు ఆపిన ఊరే గురుభక్తిని గూర్చి ఉపన్యసించుట తగదు. రెండవది: పంతులు ఎవరో, ఎచ్చటినుండి వచ్చెనో, ఏమి విడిచి వచ్చెనో ఊరు తెలిసికొనవలెను. తెలిసినపుడు ఆయన కోపమునకును, పట్టుదలకును, మౌనమునకును అర్థము దొరకును. కష్టకాలమున ఆయనను నిలుపుటకు ఏ అండ కావలెనో తెలియును. వీరేశలింగముగారికి శిష్యులు, మిత్రులు అట్టి అండ నిచ్చిరి.

ఇట్టి తెలివికి గ్రంథాలయము కంటె మంచి చోటు లేదు. వీరేశలింగముగారి 'స్వీయచరిత్రము', జాషువాగారి 'నా కథ' చదువరుల చేతులలో నలుగవలసిన పుస్తకములు. వాని ప్రక్కన ఇంకొక నోటుపుస్తకమునకు గూడ చోటుండవలెను. ఊరిబడిలో పాఠము చెప్పి విరమించిన వృద్ధ ఉపాధ్యాయులు నేటికిని అరుగులమీద కనబడుచున్నారు. వారి మొదటి జీతమెంత, అది నిలిచిన నెల ఇల్లు ఎట్లు గడచెను, అయినను మఱునాడు బడి గంట ఎవరు కొట్టిరి – ఈ మూడింటిని వారి నోటనే విని, వారి సమ్మతితో వ్రాసి భద్రపఱచుట కష్టమైన పని కాదు. ఆ పుటలు నిండినపుడు గ్రామచరిత్రలో దేవాలయమునకును, చెఱువునకును సరసన బడికి దక్కవలసిన స్థానము దక్కును.